చక్రవర్తి గారి కుడికాలు



ఈ ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక ప్రముఖుని జీవితం రాయవలసిందిగా సంపాదకవర్గం వారు నన్ను కోరారు. కిందటి సర్వసభ్య సమావేశంలో మనవాళ్లు పలువురు కాళ్ల నొప్పుల గురించి, కాలికి రక్తం అందక చేయించుకొనే ఆపరేషన్ల గురించి చర్చించుకొన్న సంగతి కూడా నాకు గుర్తున్నది. ఈ రెండింటికీ సరిపోయే మనిషి ఒకరు దొరికారు. ఆయన ఇంగ్లండు రాజు ఆరవ జార్జి. ఈ తెల్లదొర కథ మనకెందుకని విసుక్కోకుండా కాస్త ఓపికగా చదవవలసిందిగా మనవి.

నిజానికి ఆయన మనకు మరీ పరాయివాడు కాదు. మనలో డెబ్బై దాటినవారు చిన్నతనంలో ఆయన తలబొమ్మ ఉన్న అణాలు, అర్ధరూపాయలు చేత్తో పట్టుకొన్నవారే. నేను తపాలా శాఖలో పనిచేసినవాణ్ణి గనుక ఆయన బొమ్మ ఉన్న స్టాంపులను పాత ఉత్తరాల కట్టల మీద చాలా చూశాను. 1947 ఆగస్టు 15తో ఆయన సంబంధం తెగిపోయిందని మనం అనుకొంటాం గాని, చట్టరీత్యా 1950 జనవరి 26 దాకా భారతదేశానికి రాజు ఆయనే. చక్రవర్తి అనే బిరుదును మాత్రం 1948 జూన్‌లో వదులుకొన్నారు. కాబట్టి 1949 మార్చిలో లండనులో ఆయన కాలి కోసం ఆపరేషన్ జరిగిన నాటికి కాగితాల మీద మన మంగళగిరికి కూడా ఆయనే రాజు. ఇంకొక మాట. విశాఖపట్నంలోని కింగ్ జార్జి ఆసుపత్రి ఈయన పేరు మీద పెట్టినది కాదు. అది వీరి తండ్రి అయిదవ జార్జి పేరు. 1911లో ఢిల్లీ దర్బారుకు వచ్చినది కూడా తండ్రే. ఈయన మన గడ్డ మీద అడుగుపెట్టనే లేదు.

ఆయన 1895 డిసెంబరు 14న పుట్టారు. ఇంట్లో బెర్టీ అని పిలిచేవారు. రెండవ కొడుకు గనుక సింహాసనం తనకు వస్తుందని ఎవరూ అనుకోలేదు, ఆయనా అనుకోలేదు. చిన్నప్పటి నుంచీ కాళ్లతోనే కష్టం. నడుస్తుంటే మోకాళ్లు ఒకదానికొకటి ఒరుసుకొనేవి. వాటిని సరిచేయడానికి బద్దలు కట్టి గంటల తరబడి ఉంచేవారు. పుట్టుకతో ఎడమచేతి వాటం, దాన్ని బలవంతాన కుడిచేతికి మార్పించారు. దానికితోడు నత్తి. తండ్రి కఠినుడు. రాజుగారి బిడ్డకు సుఖమే గాని కష్టమేమిటనుకొనే మనబోటివారికి ఆయన బాల్యం గురించి చదివితే జాలి కలుగుతుంది.

నౌకాదళ పాఠశాలలో చదువు అంతంతమాత్రం. అయినా 1916లో జట్లండ్ సముద్ర యుద్ధంలో కాలింగ్‌వుడ్ అనే యుద్ధనౌక మీద ఉండి పోరాడారు. కడుపులో పుండుకు 1917లో ఆపరేషన్ జరిగింది. తరువాత విమానం నడపడం నేర్చారు. 1926లో వింబుల్డన్ డబుల్స్‌లో ఎడమచేత్తో ఆడి మొదటి రౌండులోనే ఓడిపోయారు. ఓడినా, ఆ రోజుల్లో కాళ్లు బాగా ఆడేవన్నమాట. 1923లో ఎలిజబెత్ బోవ్స్ లయన్‌ను పెళ్లాడారు. లయొనల్ లోగ్ అనే ఆస్ట్రేలియా వాక్ శిక్షకుని దగ్గర నత్తికి సాధన చేసిన కథను 2010లో సినిమాగా తీశారు, మన పిల్లలు చూసే ఉంటారు. అన్న ఎనిమిదవ ఎడ్వర్డు 1936 డిసెంబరులో సింహాసనం వదిలిపోవడంతో ఆ భారం ఈయన నెత్తిన పడింది. మూడేళ్లు తిరగకుండానే ప్రపంచయుద్ధం. 1940 సెప్టెంబరులో రాజభవనం మీద బాంబులు పడినా లండను విడిచి పారిపోలేదు. అందుకే అక్కడి జనం ఆయనను అభిమానించారు.

ఇన్నేళ్లుగా వదలని తోడు ఒకటున్నది, సిగరెట్టు. తాత ఏడవ ఎడ్వర్డు, తండ్రి, అన్న అందరూ పొగతాగినవారే. ఈయన మరీ ఎక్కువ. పొగాకు బోర్డు కార్యాలయం ఉన్న గుంటూరు పక్కన కాపురముంటూ పొగాకును తిట్టడం మర్యాద కాదేమో గాని, ఈ కథలో అసలు దోషి అదే.

1947లో మూడు నెలల పాటు దక్షిణాఫ్రికా పర్యటన చేసి బాగా చిక్కిపోయి వచ్చారు. 1948 జనవరి నుంచి కాళ్లు పట్టేయడం మొదలైంది. ఆ ఏడు ఏప్రిల్‌లో పెళ్లి రజతోత్సవం జరుపుకొన్నారు. జూలైలో ఎడింబరోలో ఉండగా ఊరి పక్కనే ఉన్న ఆర్థర్స్ సీట్ అనే కొండ ఎక్కబోయారు. అది 250 మీటర్ల ఎత్తున్న చిన్న కొండ. దాని మీద కాళ్లు ముందుకు సాగక, తన కాళ్లకు ఏమి వచ్చిందో అర్థంకాక వాటిని తిట్టుకొన్నారట. అక్టోబరు వచ్చేసరికి ఎడమ పాదం రోజంతా మొద్దుబారి ఉండేది. రాత్రిళ్లు నొప్పికి నిద్రలేదు. తరువాత బాధ కుడికాలికి మళ్లింది. అప్పటిదాకా, అంటే దాదాపు తొమ్మిది పది నెలలు, ఆయన ఆ బాధను ఓర్చుకొంటూ పనులు చేసుకొంటూ పోయారు. చుట్టూ అంతమంది రాజవైద్యులు ఉండగా కూడా!

ఈ భాగం చదువుతున్నప్పుడు నాకు మన పానకాల స్వామి కొండ మెట్లు గుర్తుకొచ్చాయి. మా బావగారు మగ్గం నేసినవారు, చుట్ట తాగేవారు. కొండ మెట్లు ఎక్కుతూ నలభై, యాభై మెట్లకు ఒకసారి పిక్క పట్టుకొని కూర్చొనేవారు. రెండు నిమిషాలు కూర్చొంటే తగ్గిపోయేది. మళ్లీ అన్ని మెట్లకే పట్టేసేది. గుంటమగ్గంలో జీవితమంతా కాళ్లాడించిన మనిషి గనుక నరాల బలహీనత అన్నారొకరు, వాతమన్నారొకరు. ఏడాది పాటు నూనెలు, మోకాలికి సూదులు. చివరకు చిటికెన వేలు నల్లబడ్డాక గాని పాదంలో నాడి చూసిన వైద్యుడు దొరకలేదు. అప్పుడు బైపాస్ చేశారు. రెండు వేళ్లు పోయాయి, కాలు నిలిచింది.

జరిగేది ఏమిటంటే, తొడలోనో పొత్తికడుపులోనో కాలికి రక్తం తెచ్చే ధమని గోడ లోపల కొవ్వు, సున్నం పేరుకొని దారి ఇరుకవుతుంది. కూర్చొన్నప్పుడు ఆ కాస్త రక్తం సరిపోతుంది. నడిస్తే పిక్క కండరానికి ఎన్నో రెట్లు రక్తం కావాలి, అది అందక నొప్పి పుడుతుంది. ఆగితే తగ్గుతుంది. మోకాలి అరుగుదల నొప్పి అలా కాదు, లేచి మొదటి అడుగు వేసినప్పుడే పలకరిస్తుంది. కొంత దూరం నడిచాక రావడం, నిలబడితే చాలు పోవడం, మళ్లీ అంతే దూరానికి రావడం, ఇది రక్తం చాలని నొప్పి గుర్తు. పడుకొన్నప్పుడు పాదం నొప్పి పుట్టి, కాలు మంచం మీద నుంచి కిందికి వేలాడేస్తే ఉపశమనం కలుగుతున్నదంటే వ్యాధి ముదిరిందని అర్థం. రాజుగారు 1948 శరదృతువులో సరిగ్గా ఈ దశకు చేరారు.

నవంబరులో ఎడింబరో విశ్వవిద్యాలయ సర్జరీ ఆచార్యుడు జేమ్స్ లియర్‌మంత్‌ను పిలిపించారు. ఈయన కూడా 1895లో పుట్టినవాడే. అమెరికాలో మేయో క్లినిక్‌లో నాడుల శస్త్రచికిత్స నేర్చుకొని వచ్చినవాడు. రక్తనాళాలు గట్టిపడ్డాయనీ, గాంగ్రీన్ వచ్చే ప్రమాదమున్నదనీ తేల్చారు. కుడికాలు తీసివేయవలసి వస్తుందేమోనని భయపడ్డారు. ఆ రోజుల్లోనే కూతురు ఎలిజబెత్ నిండుచూలాలు. కాన్పు అయ్యేదాకా ఈ సంగతి అమ్మాయికి చెప్పవద్దని రాజుగారు కట్టడి చేశారు. నవంబరు 14న మనవడు చార్లెస్ పుట్టాడు. 23న ఆస్ట్రేలియా, న్యూజిలాండు పర్యటన వాయిదా పడినట్లు ప్రకటన వెలువడింది. ఆడపిల్లల తండ్రులైన మన సభ్యులకు ఈ ఒక్క సంగతితో ఆయన దగ్గరివాడవుతాడని నా అభిప్రాయం.

కొన్ని వారాలు మంచం మీద విశ్రాంతి. కొంత మేలు కనిపించింది. మార్చి మొదట్లో మళ్లీ పరీక్షించి ఆపరేషన్ తప్పదన్నారు. 1949 మార్చి 12న బకింగ్‌హామ్ ప్యాలెస్‌లోనే ఒక గదిని ఆపరేషన్ థియేటరుగా మార్చి లియర్‌మంత్ శస్త్రచికిత్స చేశారు. తరువాత ఒకసారి పరీక్షకు వచ్చినప్పుడు రాజుగారు కత్తి తెప్పించి, అక్కడికక్కడే ఆ వైద్యుణ్ణి మోకరిల్లమని సర్ బిరుదు ఇచ్చారని చెబుతారు.

ఆ ఆపరేషన్ ఏమిటన్నది మనం గమనించవలసిన విషయం. దాని పేరు లంబార్ సింపథెక్టమీ. కాలిని ముట్టుకోలేదు, మూసుకుపోయిన ధమనినీ ముట్టుకోలేదు. నడుము దగ్గర వెన్నెముక పక్కన గొలుసులా ఉండే సింపథటిక్ నాడుల్లో కొంత భాగం తీసివేశారు. ఈ నాడులు పాదం, చర్మంలోని చిన్న రక్తనాళాలను బిగించి ఉంచుతాయి. వాటిని తీసేస్తే ఆ చిన్న నాళాలు వదులై పాదం వెచ్చబడుతుంది. కాలువ గేటు మూసుకుపోతే బోదెలు వెడల్పు చేసినట్లన్నమాట. కృష్ణా కాలువల కింద వ్యవసాయం తెలిసిన మనకు వేరే చెప్పనక్కరలేదు. ఉన్న కాసిని నీళ్లు కొంచెం మెరుగ్గా పారతాయి గాని, గేటు అలాగే ఉంటుంది. ప్రపంచంలో అంత పెద్ద రాజుకు ఆనాడు లండనులో అందిన వైద్యం అంతవరకే. పిక్కల నొప్పికి ఇది పెద్దగా పనిచేయదని తరువాత తేలింది. ఇప్పుడు వేరే దారి లేనప్పుడు, నొప్పి తగ్గించడానికి మాత్రమే ఎప్పుడైనా చేస్తారు.

చిత్రమేమిటంటే సరిగ్గా అవే సంవత్సరాలలో గేటు తెరిచే పని పక్క దేశాల్లో మొదలైపోయింది. 1946 ఆగస్టులో పోర్చుగల్ రాజధాని లిస్బనులో జోవావ్ సిద్ దోస్ సాంతోస్ అనే సర్జను ధమనిని కోసి, లోపలి పేరుకున్న పదార్థాన్ని తొలగించి మళ్లీ కుట్టారు. దీన్నే ఎండార్టరెక్టమీ అంటారు. 1948 జూన్‌లో, రాజుగారు ఎడింబరో కొండ మీద అవస్థపడడానికి కొద్ది వారాల ముందు, పారిస్‌లో జాన్ కున్లిన్ అనే సర్జను ఒక రోగి కాలి చర్మం కింద నుంచి పొడవాటి సిరను తీసి, దాన్ని మూసుకుపోయిన చోటికి పైన ఒక కొస, కింద ఒక కొస కలిపి కుట్టారు. రక్తం పక్కదారిన పాదానికి చేరింది. ఆ సిరలో రక్తం పైకి మాత్రమే పోయేటట్లు కవాటాలుంటాయి గనుక దాన్ని తలకిందులు చేసి కుట్టాలి. ఇదే కాలి బైపాస్. మనకు గుండె బైపాసే తెలుసు గాని, సిరతో గుండెకు బైపాస్ చేయడం వాడుకలోకి రావడానికి సుమారు ఇరవై ఏళ్ల ముందే కాలికి జరిగింది. అంత కొత్త పనిని అప్పుడే ఒక రాజు మీద ఎవరూ చేయరు, ఆ మాటా ఒప్పుకోవాలి.

మన మంగళగిరివారికి నచ్చే ముచ్చట ఒకటున్నది. సరైన సిర దొరకనివారికి ఏమి చేయాలి? న్యూయార్కులో ఆర్థర్ వూరీస్ అనే యువ సర్జను, కుక్క గుండెలో ఉండిపోయిన పట్టుదారం మీద కొన్నాళ్లకు నున్నటి పొర ఏర్పడడం చూశాడు. దారం మీద ఏర్పడేది గుడ్డ మీద ఎందుకు ఏర్పడదని ఆలోచించి, కృత్రిమ నూలు బట్టను గొట్టంలా కుట్టి ధమని స్థానంలో పెట్టాడు. 1952లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. తరువాత హ్యూస్టనులో మైకేల్ డిబేకీ ఇంట్లోని కుట్టుమిషను మీద డెక్రాన్ గొట్టాలు కుట్టారు. డెక్రాన్ అంటే ఏమిటో కాదు, మనం ఉద్యోగంలో చేరిన కొత్తలో మోజుపడి చొక్కాలు కుట్టించుకొన్న టెరిలీన్ జాతి దారమే. పొట్టలోని పెద్ద ధమనికి, తొడ పైభాగానికి నేసిన గొట్టాలు నేటికీ వాడుతున్నారు. మోకాలి కిందికి మాత్రం సొంత సిరను మించినది లేదు.

ఇక కోత లేని పద్ధతి. 1964 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండులో చార్లెస్ డాటర్ అనే ఎక్స్‌రే వైద్యుడు, కాలు తీయించుకోవడానికి ససేమిరా అన్న 82 ఏళ్ల వృద్ధురాలి తొడ ధమనిలోకి సన్నని తీగ, దాని మీదుగా గొట్టాలు పంపి ఇరుకును వెడల్పు చేశారు. నిమిషాల్లో పాదం వెచ్చబడింది. ఆ పెద్దావిడ తన కాళ్ల మీదే రెండేళ్లకు పైగా తిరిగింది. 1974లో జూరిచ్‌లో ఆండ్రియాస్ గ్రూంట్‌జిగ్ ఆ గొట్టానికి బెలూను జత చేశారు. గుండెకు చేసే యాంజియోప్లాస్టీ కూడా ఈ కాలి వైద్యం నుంచి పుట్టినదే.

మన సభ్యులు అడిగిన ప్రశ్నకు వస్తాను. ఇప్పుడు నడిస్తే నొప్పి మాత్రమే ఉన్నవారికి వెంటనే ఆపరేషన్ చెయ్యరు. పొగాకు పూర్తిగా మానడం, కొలెస్టరాల్ మాత్ర, ఆస్పిరిన్ వంటి మందు, షుగరు, బీపీ అదుపు, వీటితోపాటు నడక. నొప్పి వచ్చేదాకా నడిచి, ఆగి, తగ్గాక మళ్లీ నడవాలి. అలా వారానికి కనీసం మూడు రోజులు, రోజుకు అరగంట నుంచి ముప్పావుగంట, మూడు నెలలు చేస్తే చాలామందికి నడిచే దూరం పెరుగుతుంది. అప్పటికీ జీవనం కష్టమైతే, లేదా విశ్రాంతిలోనే నొప్పి, మానని పుండు, నల్లబడిన వేలు ఉంటే బెలూను, స్టెంటు, లోపలి పదార్థం తీయడం, బైపాస్, వీటిలో ఒకటో రెండు కలిపో చేస్తారు. ఏది మేలన్నది ఇప్పటికీ సర్జన్ల మధ్య వాదమే. 2022లో వెలువడిన పెద్ద పరిశోధనలో మంచి సిర ఉన్నవారికి ముందుగా బైపాస్ మేలనిపించింది. 2023లో బ్రిటన్ నుంచి వచ్చిన మరొకటి మోకాలి కింది జబ్బుకు ముందుగా బెలూనే మేలన్నది. కాబట్టి డాక్టరుగారు ఒకటి చెబితే రెండోది ఎందుకు కాదో, మన సిర బాగున్నదో లేదో అడగడం మన హక్కు.

తొలి పరీక్షకు యంత్రాలు కూడా పెద్దగా అక్కరలేదు. పాదం మీద నాడి చూడడం, చీలమండ దగ్గరి రక్తపోటును చేతి రక్తపోటుతో పోల్చడం చాలు. చీలమండ లెక్కను చేతి లెక్కతో భాగిస్తే 0.9 కంటే తక్కువ వస్తే నాళాలు ఇరుకైనట్లు. షుగరు ఉన్నవారికి నాళాలు సున్నం పట్టి గట్టిపడి ఈ లెక్క తప్పుగా ఎక్కువ చూపవచ్చు. వారికి కాలి బొటనవేలి దగ్గర కొలవాలి. ఒక్కసారిగా కాలు చల్లబడి, పాలిపోయి, మొద్దుబారితే మాత్రం తెల్లవారనివ్వండని ఊరుకోకూడదు. రక్తపు గడ్డ అడ్డుపడి ఉంటుంది, ఆరు గంటల లోపు తీయించుకోవాలి. గడ్డ తీసే బెలూను గొట్టాన్ని 1960లలో థామస్ ఫోగర్టీ కనిపెట్టారు.

రాజుగారి కథలో మిగిలినది కొద్దిగానే. ఆపరేషన్ తరువాత పాదం నిలబడింది. 1949 జూన్‌లో సైనిక కవాతుకు గుర్రమెక్కకుండా బండిలో వచ్చారు. 1950లో లండనులోనే డాల్, హిల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఊపిరితిత్తుల క్యాన్సరుకూ సిగరెట్టుకూ ఉన్న సంబంధాన్ని ప్రకటించారు. మరుసటి ఏడు సెప్టెంబరు 23న అదే ప్యాలెస్‌లో, క్యాన్సరు సోకిన ఆయన ఎడమ ఊపిరితిత్తిని తీసివేశారు. అది క్యాన్సరని మాత్రం ఆయనకు చెప్పలేదు.

కాలి ధమనులు ఇరుకైనవారికి గుండెనాళాలు కూడా క్షేమంగా ఉండే అవకాశం తక్కువ. ఇలాంటివారిలో కాలు పోయేవారి కంటే గుండెపోటుతోనో పక్షవాతంతోనో పోయేవారే ఎక్కువ. 1952 జనవరి 31న ఆయన కూతుర్ని విమానం ఎక్కించి వచ్చారు. ఫిబ్రవరి 5న సాండ్రింగ్‌హామ్ పొలాల్లో తన రెండు కాళ్ల మీదే తిరుగుతూ కుందేళ్లను వేటాడారు. రాత్రి భోజనం చేసి పడుకొన్నారు. తెల్లవారి నౌకరు లేపబోతే లేవలేదు. గుండె రక్తనాళంలో గడ్డ. వయసు 56. మన శాఖలో అయితే ఇంకా సర్వీసు మిగిలి ఉండేది.